పిల్లలకు ఆట నేర్పే అర్హత ఎవరిది?

కామారెడ్డి జిల్లాలో పిల్లలకు ఆట నేర్పుతున్నవాళ్లు ఒక్క రకం మనుషులు కారు. జిల్లా పరిషత్ హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుడు (పీఈటీ) ఉంటారు. గురుకులంలో ఫిజికల్ డైరెక్టర్ ఉంటారు. వేసవి శిబిరంలో గౌరవ వేతనం మీద కబడ్డీ చెప్పే పాత ఆటగాడు ఉంటాడు. ఊరి చివర నెట్లు కట్టి క్రికెట్ అకాడమీ బోర్డు పెట్టుకున్న యువకుడు, హాలు అద్దెకు తీసుకొని కరాటే నేర్పే మాస్టరు కూడా ఉంటారు. పిల్లలకు వీళ్లందరూ 'సార్'లే. వాళ్ల సర్టిఫికెట్లకు మాత్రం ఒకదానితో ఒకటి పొంతన ఉండదు. కొందరి దగ్గర అసలు ఏ సర్టిఫికెట్టూ ఉండదు.

2016 అక్టోబరు 11న కామారెడ్డి నిజామాబాద్ నుంచి విడివడి సొంత జిల్లా అయింది. అందులో ఎల్లారెడ్డి రెవెన్యూ డివిజన్ అయింది. 2022 జూన్ 2 నుంచి రాష్ట్రమంతటా ఊరూరా క్రీడా ప్రాంగణాల పని మొదలైంది. వాలీబాల్, ఖోఖో, కబడ్డీ కోర్టులకు, లాంగ్‌జంప్ గుంతకు, కసరత్తు కడ్డీలకు చోటు చూపించారు. చోటు దొరికాక మనిషి సంగతి ముందుకొచ్చింది. అక్కడ పిల్లలను నిలబెట్టి నేర్పేదెవరు? వాళ్లను పరీక్షించి 'నువ్వు నేర్పవచ్చు' అని చెప్పేదెవరు?

దీనిమీద దేశంలో చాలాకాలంగా వాదన నడుస్తోంది. అది చిక్కుపడటానికి కారణం ఉంది. కోచ్‌కు ఆట తెలుసా, పిల్లలు తెలుసా, అతని దగ్గర పిల్లలు భద్రంగా ఉంటారా అన్న మూడు వేర్వేరు ప్రశ్నలను ఒకే సర్టిఫికెట్‌కు కట్టేశారు. ఇప్పుడు చెలామణిలో ఉన్న ఏ అర్హతా ఈ మూడింటికీ పూర్తిగా జవాబు చెప్పదు.

వ్యాయామ ఉపాధ్యాయుడి నుంచి కోచ్ దాకా

తెలుగునేల మీద ఆట నేర్పే వృత్తి బడిలోనే పుట్టింది. కోడి రామమూర్తి నాయుడు దేశదేశాల్లో మల్లయోధుడిగా పేరు తెచ్చుకోకముందు మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేశారు. 1920లో హారీ క్రో బక్ మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ కళాశాల ప్రారంభించాక ఈ శిక్షణకు ఒక పద్ధతి ఏర్పడింది. హైదరాబాద్‌లో దోమలగూడ ప్రభుత్వ వ్యాయామ కళాశాల తరాల తరబడి పీఈటీలను తయారుచేసింది.

ఈ దారి ఎంత దూరం తీసుకెళ్లగలదో చూపినవారు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన హైదరాబాద్ పాఠశాలల్లో పాఠం చెప్పిన మాస్టారు, వ్యాయామ విద్యలో డిప్లొమా చేసినవారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు బాధ్యత తీసుకున్నారు. ఆయన శిక్షణలో భారత జట్టు 1951లో, 1962లో ఆసియా క్రీడల స్వర్ణాలు గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. కోచ్‌లకు లైసెన్సులనే మాట మన దగ్గర వినపడని రోజులవి.

స్వాతంత్ర్యం తర్వాత ప్రభుత్వం కోచ్‌ను వ్యాయామ ఉపాధ్యాయుడి నుంచి వేరు చేసింది. 1953లో రాజకుమారి అమృత్ కౌర్ పేరుతో శిక్షణ పథకం వచ్చింది. 1961 మే 7న పటియాలాలోని మోతీబాగ్ రాజభవనంలో జాతీయ క్రీడా సంస్థ మొదలైంది. అందరూ 'ఎన్ఐఎస్' అనేది దీన్నే. 1984లో భారత క్రీడా ప్రాధికార సంస్థ (సాయ్) ఏర్పడింది, 1987లో ఎన్ఐఎస్ దాని కిందికి వచ్చింది. మరోవైపు వ్యాయామ ఉపాధ్యాయ విద్య జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి పరిధిలోకి వెళ్లింది. ఆ మండలి 2014 నిబంధనలతో వ్యాయామ విద్య డిగ్రీ బీపీఎడ్ రెండేళ్ల చదువైంది. ఆ తర్వాత క్రీడా సమాఖ్యలు తమ మెట్లు తాము కట్టుకున్నాయి. మాజీ ఆటగాళ్లకు కేంద్ర పథకం ఖేలో ఇండియా ఇంకో తలుపు తెరిచింది. ఇలా నాలుగు దారులు నాలుగు కార్యాలయాల నుంచి వచ్చాయి. వాటిని కలిపే కూడలి ఎవరూ వేయలేదు.

బడి సారే చాలు అనేవాళ్లు

వీళ్ల వాదనకు బలం పిల్లలున్న చోటే ఉంది. పల్లెలో పిల్ల మొదట పరిగెత్తేది బడి ఆవరణలో. ఆ పరుగును మొదట చూసేది పీఈటీ. వరంగల్ జిల్లా కల్లెడ గ్రామపు దీప్తి జీవన్‌జీని గుర్తించింది బడిలోని వ్యాయామ ఉపాధ్యాయుడే. ఆమె ఆ తర్వాతే ద్రోణాచార్య గ్రహీత నాగపురి రమేశ్ శిక్షణలోకి వెళ్లింది. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల టీ20 విభాగంలో కాంస్యం గెలిచింది.

పీఈటీకి పిల్లల మనస్తత్వం, ఎదుగుదల, తరగతి నడిపే తీరు పాఠ్యంలోనే వస్తాయి. ఆ చదువుకు ప్రవేశ పరీక్ష అయిన పీఈసెట్‌లో దేహ సామర్థ్యానికీ ఆట నైపుణ్యానికీ పరీక్ష ఉంటుంది. ఇంటర్ తర్వాత డీపీఎడ్ చేస్తే పీఈటీ, డిగ్రీ తర్వాత బీపీఎడ్ చేస్తే స్కూల్ అసిస్టెంట్ అని ఉద్యోగపు మెట్లు కూడా స్పష్టంగా ఉన్నాయి.

అయితే ఈ వాదన రెండు చోట్ల తడబడుతుంది. మొదటిది లెక్క. విద్యాహక్కు చట్టం, 2009 షెడ్యూలు ప్రకారం 6 నుంచి 8 తరగతుల్లో 100 మందికి పైగా పిల్లలుంటేనే ఆరోగ్య, వ్యాయామ విద్యకు బోధకుడు. అదీ పార్ట్‌టైమ్. తెలంగాణ 2024 డీఎస్సీలో మొత్తం 11,062 పోస్టులు ఉంటే పీఈటీ పోస్టులు 182. పిల్లలు తక్కువగా ఉన్న తండా బడికి పీఈటీ సారు ఎప్పటికి చేరతారు? రెండోది లోతు. డజను ఆటల నియమాలు తెలిసిన మనిషికి ఒక్క ఆటలో నైపుణ్యాన్ని దశలవారీగా పెంచడం తెలిసి ఉంటుందని చెప్పలేం. పైగా ప్రార్థన క్రమశిక్షణ నుంచి పరీక్షల డ్యూటీ దాకా బడి పనులన్నీ ఆయన మీదే పడతాయి. ఇందులో తప్పు పీఈటీది కాదు, ఆయనను అలా వాడుకుంటున్న వ్యవస్థది.

పటియాలా ముద్ర

'ఎన్ఐఎస్ చేశాడు' అన్న మాటకు మన జిల్లాల్లో ఇప్పటికీ గౌరవం ఉంది. ఏడాదిపాటు ఆ సంస్థలోనే ఉండి ఒకే ఆట మీద దృష్టి పెట్టడం, శరీరధర్మ శాస్త్రం, చలన శాస్త్రం, శిక్షణ ప్రణాళిక చదవడం, రోజూ మైదానంలో సాధన చేయడం చిన్న సంగతి కాదు. ప్రభుత్వ కోచ్ ఉద్యోగాలకు ఈ డిప్లొమా ప్రధాన అర్హత. ఇదే సంస్థ నడిపే ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు కూడా చాలామందికి తెలుసు.

ఎల్లారెడ్డి యువకుడికి ఇక్కడ అడ్డొచ్చేది పాఠ్యం కాదు. ఏడాది పాటు ఇల్లు విడిచి ఉండటం, ఆ ఏడాది సంపాదన లేకపోవడం, సాధారణంగా డిగ్రీ అడగడం, దానికితోడు విశ్వవిద్యాలయ స్థాయిలోనో జాతీయ స్థాయిలోనో ఆడిన రుజువు కావాలనడం. ఇంటర్‌తో చదువు ఆగిన మంచి కబడ్డీ ఆటగాడు ఈ వడపోతలో మొదటి దశలోనే పోతాడు. అన్నీ కలిసొచ్చి డిప్లొమా చేసినవాళ్లు తిరిగి మండల మైదానానికి రావడం అరుదు. ఉద్యోగం ఉన్న నగరానికే వెళతారు. పైగా ఆ కోర్సు మొగ్గు పోటీ ఆటగాణ్ని తయారుచేయడం మీదే ఎక్కువ. ఎనిమిదేళ్ల పిల్లకు బంతి పట్టుకోవడం నేర్పాలంటే వేరే విద్య కావాలి.

సమాఖ్యల మెట్లు

ఫుట్‌బాల్‌లో డీ, సీ, బీ, ఏ, ప్రో లైసెన్సులు ఉన్నాయి. క్రికెట్‌లో లెవెల్ వన్, టూ, త్రీ ఉన్నాయి. అథ్లెటిక్స్‌లో అంతర్జాతీయ సమాఖ్య 1991లో మొదలుపెట్టిన కోచ్‌ల విద్యా వ్యవస్థ ఉంది, అందులో పిల్లల అథ్లెటిక్స్‌కు విడిగా చోటుంది. హాకీ ఇండియా 2019లో తన కోచ్‌ల శిక్షణ పథకాన్ని ప్రారంభించింది. ఈ పద్ధతిలో మంచి ఏమిటంటే మెట్లు చిన్నవి. కొద్ది రోజుల్లో మొదటి మెట్టు ఎక్కవచ్చు, నేర్పుతూ అనుభవం సంపాదించి రెండోదానికి వెళ్లవచ్చు. ఏ వయసు పిల్లలకు ఏది నేర్పాలో కింది మెట్లలోనే చెబుతారు.

చెడు కూడా ఉంది. డబ్బున్న ఆటలకు ఈ మెట్లు పటిష్టంగా ఉన్నాయి. మన పల్లెల్లో ఎక్కువమంది ఆడేది కబడ్డీ, ఖోఖో, వాలీబాల్. ప్రో కబడ్డీ 2014లో టీవీకి వచ్చి ఊరి ఆటకు డబ్బూ పేరూ తెచ్చింది. పిల్లలకు కబడ్డీ నేర్పేవాడికి మాత్రం ఫుట్‌బాల్ డీ లైసెన్సు లాంటి, ప్రతి జిల్లాకూ తెలిసిన మొదటి మెట్టు ఇంకా కుదురుకోలేదు. భాష మరో గోడ. కోర్సులు ఎక్కువగా ఇంగ్లీషు, హిందీల్లో నడుస్తాయి. ఆట బాగా తెలిసి, మోకాలి కీలు పేరు ఇంగ్లీషులో రాయలేనివాడు పరీక్ష తప్పితే అది అతని అసమర్థత అనిపించుకోదు.

ఆడినవాడే నేర్పాలనే పక్షం

2020లో కేంద్రం జిల్లా స్థాయి ఖేలో ఇండియా కేంద్రాలను ప్రకటించినప్పుడు వాటిలో కోచ్‌గా మాజీ విజేతనే పెట్టాలన్నది. దేశానికి ఆడినవాళ్లకు మొదటి ప్రాధాన్యం ఇచ్చి, జాతీయ పతకాలు, విశ్వవిద్యాలయ పతకాలు, రాష్ట్రం తరఫున ఆడటం అని వరుస కట్టింది. లద్దాఖ్, జమ్మూ కశ్మీర్, అండమాన్ నికోబార్ దీవులకు మాత్రం మినహాయింపు ఇచ్చి, అక్కడ ఎన్ఐఎస్ శిక్షణ పొందినవారూ దరఖాస్తు చేసుకోవచ్చన్నది. ఈ మినహాయింపు చదివితే పథకం ఆలోచన తీరు అర్థమవుతుంది. ఆడిన చరిత్రే అసలు అర్హత, నేర్పే శిక్షణ దానికి ప్రత్యామ్నాయం. నా దృష్టిలో ఇది తలకిందులైన వరుస.

అలాగని ఈ పక్షాన్ని తోసిపుచ్చలేం. పాత నిజామాబాద్ జిల్లా గట్టి ఉదాహరణ ఇస్తుంది. నిఖత్ జరీన్ మొదట నిజామాబాద్‌లో సంసముద్దీన్ దగ్గర బాక్సింగ్ నేర్చుకుంది. 2009లో విశాఖపట్నం సాయ్ కేంద్రంలో ద్రోణాచార్య గ్రహీత ఐ.వి.రావు శిక్షణలోకి వెళ్లింది. 2011లో జూనియర్ ప్రపంచ విజేత అయింది, 2022, 2023లలో ప్రపంచ విజేతగా నిలిచింది. సంసముద్దీన్ కుమారుడు హుసాముద్దీన్ 2018, 2022 కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యాలు తెచ్చాడు. ఊళ్లో ఆట మీద ప్రేమ ఉన్న మనిషి ఒకరు లేకపోతే ఈ కథ మొదలయ్యేదే కాదు. రెండో గురువు చేతికి అందకపోతే ఇంత దూరం వచ్చేదీ కాదు. ఎంతదాకా నేర్పాలో, ఎప్పుడు పై గురువుకు అప్పగించాలో తెలియడం కూడా కోచ్ విద్యలో భాగమే. దాన్ని ఏ పరీక్షలోనూ సరిగా అడగరు.

ఈ చర్చలో పెద్దగా ప్రస్తావనకు రాని దేశీయ నమూనా ఒకటి ఉంది. ఇప్పటి కామారెడ్డి జిల్లాలోని తాడ్వాయి గురుకులంలో చదివిన మాలావత్ పూర్ణ, 13 ఏళ్ల 11 నెలల వయసులో, 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. భువనగిరి కొండ మీద మొదలైన శిక్షణ డార్జిలింగ్, లద్దాఖ్‌ల మీదుగా సాగింది. కోచ్ శేఖర్‌బాబు బాచినేపల్లి స్వయంగా ఎవరెస్ట్ ఎక్కినవారు. మన పర్వతారోహణ సంస్థల్లో బేసిక్, అడ్వాన్స్ కోర్సులు రెండింటిలో 'ఏ' గ్రేడు వచ్చినవారికే బోధనా పద్ధతి కోర్సులో చోటిస్తారు. బాగా ఎక్కడం ఒక విద్య, ఎక్కించడం మరో విద్య అని అక్కడ ఎప్పుడో ఒప్పుకున్నారు. తప్పు జరిగితే ప్రాణం పోయే చోట ఆ తేడా తొందరగా తెలిసొచ్చింది. కబడ్డీ కోర్టులో పోయేది మోకాలే కనుక తాత్సారం చేస్తున్నామా?

మంచు హాకీ దేశాల అనుభవం

పిల్లల కోచ్‌ల శిక్షణ గురించి అందరికంటే లోతుగా ఆలోచించిన ఆటల్లో మంచు హాకీ ఒకటి. కెనడాలో కోచ్‌ల జాతీయ ధ్రువీకరణ కార్యక్రమం 1974 నుంచి ఉంది. అక్కడ 'శిక్షణ పొందినవాడు', 'ధ్రువీకరణ పొందినవాడు' అని వేర్వేరు హోదాలు. తరగతిలో కూర్చుంటే మొదటిది వస్తుంది. రెండోది రావాలంటే నిజమైన సాధన నడుపుతుండగా పరీక్షకుడు వచ్చి చూడాలి. ఆ ధ్రువీకరణ కూడా శాశ్వతం కాదు. ఐదేళ్ల లోపు కొత్తగా నేర్చుకున్నట్టు రుజువు చూపి నిలబెట్టుకోవాలి. జట్టును నడిపే కోచ్‌కు ఒక దారి, స్కేటింగ్, గోల్‌కీపింగ్ వంటి నైపుణ్యాలు మాత్రమే నేర్పేవారికి వేరే దారి. అమెరికాలో 2009 నుంచి హాకీ సంఘం చిన్నపిల్లలను పూర్తి మైదానంలో కాక చిన్న ముక్కలో ఆడిస్తోంది. కోచ్ ఏ వయసు జట్టును తీసుకుంటే ఆ వయసు పాఠం పూర్తిచేయాలి. భద్రతా శిక్షణ, పూర్వచరిత్ర పరిశీలన తప్పనిసరి.

మన దేశంలో ఈ ఆటకు ప్రధాన కేంద్రం లద్దాఖ్. భారత మంచు హాకీ సంఘం 1989లో అంతర్జాతీయ సమాఖ్యలో చేరింది. 2025లో మన మహిళల జట్టు ఆసియా కప్ కాంస్యం గెలిచింది. కామారెడ్డికి మంచు రింకు అవసరం లేదు గానీ ఆ దేశాల పద్ధతి మనకు పనికొస్తుంది. కోచ్ మైదానంలో చేసేది చూసి సర్టిఫికెట్ ఇవ్వడం, దానికి గడువు పెట్టడం ఏ ఆటకైనా వర్తిస్తాయి.

ఆధారాలు ఏం చెబుతున్నాయి

సర్టిఫికెట్ ఉన్న కోచ్ దగ్గర పిల్లలు మెరుగ్గా ఎదుగుతారా? దీనిమీద అందరూ ఉదహరించేది వాషింగ్టన్ విశ్వవిద్యాలయపు రొనాల్డ్ స్మిత్, ఫ్రాంక్ స్మోల్‌ల పరిశోధన. పిల్లలను ఎలా ప్రోత్సహించాలో, తప్పు చేసినప్పుడు ఎలా సరిదిద్దాలో బేస్‌బాల్ కోచ్‌లకు ఒక్కపూట శిక్షణ ఇచ్చారు. 1992లో ప్రచురించిన ఫలితాల్లో, శిక్షణ లేని కోచ్‌ల దగ్గరి పిల్లల్లో 26 శాతం మంది మరుసటి సీజన్‌కు ఆట మానేస్తే, శిక్షణ పొందినవారి దగ్గర మానేసింది 5 శాతం.

ఈ అంకెలను పట్టుకొని సర్టిఫికెట్ తప్పనిసరి చేయాలనడం తొందరపాటు. ఆ పరిశోధన కొలిచింది సర్టిఫికెట్‌ను కాదు, ఒక నిర్దిష్ట శిక్షణను. అదీ అమెరికా పట్టణాల్లో, స్వచ్ఛందంగా పనిచేసే కోచ్‌లతో. మనకు అందులో పనికొచ్చే సంగతి వేరే ఉంది. మార్పు తెచ్చింది ఏడాది డిప్లొమా కాదు, పిల్లలతో మాట్లాడే తీరు మీద ఒక్కపూట పాఠం.

పక్కపక్కన పెట్టి చూస్తే

ఆట లోతు తెలియడంలో ఎన్ఐఎస్, సమాఖ్యల పై మెట్లు ముందుంటాయి. మాజీ ఆటగాడికి ఆ లోతు చేతుల్లో ఉంటుంది, మాటల్లోకి రావాలంటే సాయం కావాలి. పిల్లలను అర్థం చేసుకోవడంలో పీఈటీదే పైచేయి. ఖర్చు, కాలం తక్కువ పట్టేది సమాఖ్యల మొదటి మెట్టు. పల్లెకు అందుబాటు చూస్తే పీఈటీ, పాత ఆటగాడు తప్ప మిగతావాళ్లు దూరం. పిల్లల భద్రత విషయంలో నాలుగు దారులూ బలహీనమే.

భద్రత అంటే ఏమిటో ఒక్క ఉదాహరణతో చూద్దాం. సబ్ జూనియర్ కబడ్డీలో బరువు పరిమితి 55 కిలోలు. సెలక్షన్స్‌కు రెండు రోజుల ముందు పిల్లవాడు రెండు కిలోలు ఎక్కువ తూగితే ఏం చేయాలి? అన్నం మాన్పించి, నీళ్లు తగ్గించి, ఎండలో పరిగెత్తించి బరువు దించే అలవాటు మైదానాల్లో ఉంది. అది పెరిగే శరీరానికి ప్రమాదమని, వచ్చే ఏడాది పై విభాగంలో ఆడించవచ్చని తల్లిదండ్రులకు చెప్పగల ధైర్యం కోచ్‌కు కావాలి. చీలమండ పట్టు మీద పడిన పిల్లకు మోకాలు వాస్తే మర్దన చేయించాలా, నడవనివ్వకుండా ఆసుపత్రికి పంపాలా? మే నెల శిబిరంలో తల తిరిగి కూలిన పిల్లకు మొదటి పది నిమిషాల్లో ఏం చేయాలి? ఇవి తెలియని మనిషికి ఎన్ని పతకాలున్నా పిల్లలను అప్పగించకూడదు.

లైంగిక వేధింపుల సంగతి ఇంకా గంభీరం. పోక్సో చట్టం, 2012 ప్రకారం పిల్లల మీద నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా ఫిర్యాదు చేయాల్సిందే. నమ్మకపు స్థానంలో ఉన్నవారే నేరం చేస్తే శిక్ష మరింత కఠినం. 2023లో జంతర్ మంతర్ దగ్గర మహిళా మల్లయోధుల నిరసన ఈ ప్రశ్నను దేశం ముందుకు తెచ్చింది. 2025 జాతీయ క్రీడా పాలన చట్టం సురక్షిత క్రీడా విధానం గురించి మాట్లాడింది. అది జాతీయ సమాఖ్యల దాకా వెళుతుంది. హాలు అద్దెకు తీసుకున్న మాస్టరు దాకా రావాలంటే స్థానికంగా ఎవరో బాధ్యత తీసుకోవాలి.

తేలని సంగతులు

మొదటిది, తప్పనిసరి చేయాలా వద్దా. చేస్తే, ఉన్న కొద్దిమంది నేర్పేవాళ్లు కూడా తప్పుకుంటారన్న భయం నిజమైనదే. చేయకపోతే బోర్డు పెట్టుకున్న ప్రతివాడూ కోచే అవుతాడు. భద్రత, ప్రథమ చికిత్స, పిల్లల ఎదుగుదల అన్న మూడింటిని అందరికీ తప్పనిసరి చేసి, ఆట నైపుణ్యపు మెట్లను ఐచ్ఛికంగా ఉంచడం నాకు సబబుగా తోస్తుంది. ఆ తప్పనిసరి భాగం తెలుగులో, ఉర్దూలో ఉండాలి. రాత పరీక్ష కంటే మైదానంలో చూసి ఇవ్వడం మీద నడవాలి.

రెండోది, ఇచ్చేదెవరు. రాష్ట్రం ప్రకటించిన యంగ్ ఇండియా వ్యాయామ విద్య, క్రీడా విశ్వవిద్యాలయానికి ఈ పని అప్పగించవచ్చు. కానీ హైదరాబాద్‌లో కూర్చుని ఇచ్చే సర్టిఫికెట్ మరో పటియాలా అవుతుంది. పరీక్షకులు జిల్లాకు రావాలి. వేసవి శిబిరాలు ఎలాగూ జరుగుతాయి, బోధకులు, పిల్లలు ఒకేచోట దొరికే సమయం అదే.

మూడోది వయసు. హకీంపేట, కరీంనగర్, ఆదిలాబాద్ క్రీడా పాఠశాలలకు నాలుగో తరగతిలోనే ఎంపికలు జరుగుతాయి. ఎనిమిది తొమ్మిదేళ్ల పిల్లల ఎత్తు, పరుగు, గెంతు కొలిచి మండలం నుంచి జిల్లాకు, జిల్లా నుంచి రాష్ట్రానికి వడపోస్తారు. అంత చిన్న వయసులో ఒక్క ఆటకు కట్టేయడం మంచిదా కాదా అన్న దానిమీద క్రీడా శాస్త్రవేత్తలే ఒక మాట మీద లేరు. ఎంపిక కాని పిల్లలను తిరిగి ఆటలోకి తెచ్చే బాధ్యత ఊరి కోచ్‌దే అయినప్పుడు, అతని శిక్షణలో ఓడినవాళ్లతో ఎలా మెలగాలన్న పాఠం కూడా ఉండాలి కదా.

నాలుగోది ఆడ కోచ్‌లు. బాలికల గురుకులాల్లో మహిళా పీఈటీలు ఉన్నారు కనుక అక్కడ కొంత నయం. గురుకులం దాటిన చోట ఆడపిల్లలకు నేర్పేది ఎక్కువగా మగవాళ్లే. చాలామంది తల్లిదండ్రులు పెద్దమనిషి అయిన కూతుర్ని సాయంత్రం ఆటకు పంపడం మానేస్తారు. పూర్ణ గిరిజన కుటుంబం నుంచి, ఫుట్‌బాలర్ గుగులోత్ సౌమ్య నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చారు. అలాంటి తండాల్లో ఆడి, పెళ్లయ్యి, అక్కడే ఉన్న యువతులకు మొదటి మెట్టు సర్టిఫికెట్ ఊళ్లోనే ఇచ్చి, రోజుకు రెండు గంటలకు జీతం ఇస్తే ఎంతమంది ఆడపిల్లలు ఆటలో నిలుస్తారో కొలిచి చూడాలి. ఆ జీతం పంచాయతీ ఇవ్వాలా, క్రీడా శాఖ ఇవ్వాలా, విద్యాశాఖ ఇవ్వాలా అన్నది ముందుగా తేలాలి. గౌరవ వేతనం మీద ఏడాదికోసారి పిలిచే కోచ్‌కు ఎంత మంచి సర్టిఫికెట్ ఇచ్చినా జూన్‌లో అతను వేరే పని వెతుక్కుంటాడు, పిల్లల సాధన అక్కడే ఆగిపోతుంది.